60 నానోమీటర్ల వైరస్ గుల్ల, 39 నానోమీటర్ల ద్వారం: లెనాకపావిర్ వెనుక ఉన్న పాత చిక్కు

ఆరు నెలలకోసారి ఇంజెక్షన్‌గా తీసుకునే హెచ్ఐవీ మందు లెనాకపావిర్. దీన్ని జనరిక్‌గా తయారు చేయడానికి 2024 అక్టోబరులో దాని తయారీ సంస్థ గిలియడ్ ఆరు కంపెనీలకు లైసెన్సులిచ్చింది. వాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ హైదరాబాద్‌వే. ధర గురించి, లైసెన్సు షరతుల గురించి చర్చ బాగానే జరిగింది. మందు వైరస్‌లో పట్టుకునే చోటు గురించి అంతగా జరగలేదు. ఆ చోటు ప్రాముఖ్యం తెలియాలంటే కణకేంద్రకపు పొరలోని రంధ్రాల సంగతి చూడాలి.

ఈ రంధ్రాలను 1950లో కేలన్, టామ్లిన్ ఉభయచరాల అండకణాల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. వెడల్పు కొలవడం మాత్రం వేరే పని. 1975లో పెయిన్ బృందం రకరకాల సైజుల డెక్స్‌ట్రాన్‌ను (చక్కెర గొలుసుల అణువును) కప్ప అండకణాల్లోకి ఎక్కించింది. ఏది ఎంత వేగంగా కేంద్రకంలోకి చేరుతోందో లెక్కగడితే, రంధ్రం సుమారు 9 నానోమీటర్ల వ్యాసమున్న గొట్టంలా ప్రవర్తిస్తోందని తేలింది. చిన్న ప్రోటీన్లు వాటంతటవే దూరిపోతాయి. బరువు 40 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలత) దాటినవాటికి మాత్రం చిరునామా, అంటే కేంద్రకానికి వెళ్లాలని చెప్పే అమైనో ఆమ్లాల వరుస, ఉండాలి. ఎస్‌వీ40 వైరస్ టీ-యాంటిజెన్‌లో అలాంటి చిరునామా 1984లో దొరికింది. ఏడు అమైనో ఆమ్లాల ఆ ముక్కలో ఒక్క లైసిన్‌ను (మొత్తం ప్రోటీన్‌లో 128వ స్థానంలోనిది) మార్చితే చాలు, ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లకుండా కణద్రవ్యంలోనే ఉండిపోతుంది.

చిరునామాను గుర్తుపట్టి సరుకును మోసేవి ఇంపోర్టిన్లనే ప్రోటీన్లు. 1990ల మధ్యలో వాటి లెక్క తేలింది. కేంద్రకంలో రాన్ అనే ప్రోటీన్ జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుని ఉంటుంది. అది తగలగానే ఇంపోర్టిన్ సరుకును వదిలేస్తుంది. బయట రాన్ మీది జీటీపీ జీడీపీగా మారిపోతుంది కాబట్టి అక్కడ ఇంపోర్టిన్ మళ్లీ సరుకు ఎత్తుకోగలదు. రంధ్రం మధ్యలో నిలకడైన ఆకారం లేని ప్రోటీన్ పోగులుంటాయి. వాటినిండా ఫినైలలానిన్-గ్లైసిన్ జంటలే, అంటే ఎఫ్‌జీ జంటలు. ఇంపోర్టిన్ ఒక జంటను పట్టుకుని, వదిలి, పక్కదాన్ని పట్టుకుంటూ లోపలికి పోతుంది.

2002లో పాంటే, కాన్ ఇంపోర్టిన్లు తగిలించిన బంగారు రేణువులతో ప్రయోగం చేశారు. 39 నానోమీటర్ల దాకా ఉన్న రేణువులు దాటాయి, అంతకు పెద్దవి దాటలేదు. ఆ అంకె పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది.

చిక్కంతా అక్కడే. హెచ్ఐవీ జన్యుపదార్థాన్ని మోసే ప్రోటీన్ గుల్ల, అంటే క్యాప్సిడ్, శంకువు ఆకారంలో ఉంటుంది. లావు వైపు సుమారు 60 నానోమీటర్లు, పొడవు 120 దాకా. ఈ జాతి వైరస్‌లు (రెట్రోవైరస్‌లు) తమ జన్యువులను కణపు డీఎన్ఏలో కలపాలి, అందుకు కేంద్రకంలోకి వెళ్లాలి. ఎలుకల ల్యుకేమియా వైరస్ లాంటి మామూలు రెట్రోవైరస్‌లు కణం విభజన చెంది కేంద్రకపు పొర కరిగేదాకా కాచుకుంటాయి. హెచ్ఐవీ మాత్రం విభజన లేని మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల కేంద్రకంలోకీ చొరబడుతుంది. కాబట్టి క్యాప్సిడ్ కణద్రవ్యంలోనే విచ్చిపోతుందని, వైరస్ డీఎన్ఏ, దాన్ని కణపు డీఎన్ఏలో అతికించే ఎంజైము ఇంటిగ్రేజ్ మాత్రమే రంధ్రం దాటుతాయని అనుకున్నారు. వైరస్ ప్రోటీన్లు మేట్రిక్స్, వీపీఆర్, ఇంటిగ్రేజ్, ఆపైన వైరస్ డీఎన్ఏలోని చిన్న మడత, ఇలా ఒక్కోదాంట్లో చిరునామా వెతికారు. ఏది తీసేసినా వైరస్ ఎలాగోలా లోపలికి చేరింది. 2004లో యమషిత, ఎమర్‌మన్ హెచ్ఐవీ క్యాప్సిడ్ ప్రోటీన్ బదులు ఎలుకల వైరస్‌ది పెట్టారు. విభజన లేని కణాల్లోకి చొరబడే శక్తి పోయింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. 39 అంకె మీద గురి వల్ల దీని అర్థం పూర్తిగా పట్టుబడడానికి మరో పదిహేనేళ్లు పైనే పట్టింది.

2021లో క్రయో-ఎలక్ట్రాన్ టోమోగ్రఫీతో (గడ్డకట్టించిన కణాల త్రిమితీయ చిత్రణతో), మానవ టీ-కణాల్లో చెక్కుచెదరని క్యాప్సిడ్‌లు రంధ్రంలో ఉండగానే కనిపించాయి. ఆ కణాల్లో రంధ్రం సగటు వ్యాసం 60 నానోమీటర్లు దాటింది. కేంద్రకాన్ని విడదీసి పొరను వేరు చేస్తే పొర మీది బిగువు పోతుంది, రంధ్రం కుంచించుకుపోతుంది. అలా విడదీసిన పొరల్లో కొలిచిన వెడల్పులన్నీ అందుకే తక్కువ వచ్చాయి.

వెడల్పు చాలినా ఎఫ్‌జీ పోగులు అడ్డమే కదా? దీనికి జవాబు 2024లో రెండు బృందాలు విడివిడిగా ఇచ్చాయి: క్యాప్సిడ్ తానే ఇంపోర్టిన్‌లా ప్రవర్తిస్తుంది. దాని మీద పక్కపక్క ప్రోటీన్ల మధ్య ఎఫ్‌జీ జంట ఇమిడే గుంటలు వెయ్యికి పైగా ఉన్నాయి. రంధ్రం లోపలి చివరి ప్రోటీన్ ఎన్‌యూపీ153, ఆపైన కేంద్రకంలోని ప్రోటీన్ సీపీఎస్ఎఫ్6 ఆ గుంటల్లోనే కూర్చుంటాయి. సీపీఎస్ఎఫ్6 లేకపోతే వైరస్ కేంద్రకం అంచునే ఆగి, అక్కడి డీఎన్ఏలో కలుస్తుంది.

లెనాకపావిర్ కూర్చునేదీ ఆ గుంటలోనే. మోతాదు పెరిగితే క్యాప్సిడ్‌ను బిరుసుగా చేసి పగలగొడుతుంది కూడా. అమెరికాలో దీనికి చికిత్స కోసం 2022 డిసెంబరులో, నివారణ కోసం 2025 జూన్‌లో అనుమతి వచ్చింది. 927 మిల్లీగ్రాములను రెండు ఇంజెక్షన్లుగా చర్మం కింద ఇస్తారు. మొదటి రెండు రోజులు రోజుకు 600 మిల్లీగ్రాముల మాత్రలు కూడా ఉంటాయి. చివరి ఇంజెక్షన్ నుంచి, మధ్యలో మాత్రలు కూడా వాడకుండా, 28 వారాలు దాటితే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

గుంటలోని అమైనో ఆమ్లం మారితే మందు పట్టు సడలుతుంది. క్యూ67హెచ్, ఎన్74డీ (అంకె అమైనో ఆమ్లం స్థానం, అక్షరాలు పాతది, కొత్తది) అలాంటి మార్పులే. ఎం66ఐ ఇంకా గట్టి నిరోధకతనిస్తుంది గానీ, గుంట వైరస్‌కూ అవసరమే కాబట్టి వైరస్ సొంత వృద్ధి కుంటుపడుతుంది. మన దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మాత్రం టీబీ మందు రిఫాంపిసిన్ విషయంలో. అది కాలేయంలోని సీవైపీ3ఏ ఎంజైమును పెంచి లెనాకపావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది. అందుకే చికిత్సలో ఈ రెండూ కలిపి వాడకూడదు. నివారణకు వాడేవారికైతే అదనపు మోతాదులు ఇవ్వాలి.