జ్వరం దిగిన రోజునే భయమెందుకు?

వానలు పట్టిన దగ్గర్నుంచి పైడితల్లి సిరిమానోత్సవం దాటేదాకా విజయనగరంలో ఇంటింటా వినిపించే మాట: "జ్వరం తగ్గింది కదా, మళ్లీ ప్లేట్‌లెట్ల పరీక్ష దేనికి?" డెంగీలో అసలు గండం తరచూ జ్వరం దిగే రోజుల్లోనే వస్తుంది. అప్పటికి రక్తంలో వైరస్ తగ్గుముఖం పడుతుంది. ఒళ్లు కూలడంలో మన రక్షణ కణాలు వదిలే రసాయనాల పాత్ర పెద్దది. ఆ కణాలకు ఆజ్ఞ ఇచ్చేదెవరు?

1882లో ఇటలీలోని మెస్సీనాలో జీవశాస్త్రవేత్త మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చి చూశాడు. మర్నాటికి దాని చుట్టూ కణాలు మూగాయి. పుట్టుకతో వచ్చే రక్షణకు అదే తొలి సాక్ష్యాల్లో ఒకటి. కానీ తర్వాత చాలాకాలం ఆ కణాలను క్రిములను మింగేసేవిగానే చూశారు. ధ్యాసంతా క్రిములకు అతుక్కునే ప్రోటీన్లయిన యాంటీబాడీల మీదకు, 1960ల నుంచి ఒక్కో క్రిమిని ప్రత్యేకంగా గుర్తుపట్టే తెల్లరక్తకణాలైన టి కణాల మీదకు మళ్లింది.

1973లో శాస్త్రవేత్తలు స్టైన్‌మన్, కోన్ ఎలుక ప్లీహంలో కొమ్మలు చాచిన డెండ్రిటిక్ కణాలను గుర్తించారు. ఏళ్ల తరబడి చాలామంది నమ్మలేదు. చంకల్లో, గజ్జల్లో బిళ్ల కట్టిందంటామే, ఆ బిళ్లల్లోకి వైరస్ ముక్కను మోసుకెళ్లి టి కణానికి చూపించేది ఇవే. చూపిస్తే చాలదు, ఇది ముప్పేనని రెండో సంకేతం కూడా కావాలి. ముప్పును పసిగట్టే గ్రాహకాలు, అంటే క్రిమి ఆనవాళ్లను పట్టే ప్రోటీన్లు, మన కణాల్లో ఉండి తీరాలని రోగనిరోధక శాస్త్రవేత్త జేన్‌వే 1989లో వాదించాడు. 1997లో మెడ్జిటోవ్‌తో కలిసి మనిషిలో అలాంటి ఒకదాన్ని చూపించాడు. వైరస్ సోకినప్పుడు కణాలు వదిలే హెచ్చరిక రసాయనం ఇంటర్‌ఫెరాన్ వంటి మూడో కబురును బట్టి టి కణం నడిచే దారి మారుతుంది.

స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. అప్పటికి మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశారని కమిటీకి తెలియదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

డెంగీ వైరస్ సరిగ్గా కబురు మోసే ఈ డెండ్రిటిక్ కణాల్లోకే దూరి, ఇంటర్‌ఫెరాన్ గొంతు నొక్కుతుంది. డెంగీ నాలుగు రకాలు. రెండోసారి వేరే రకం సోకితే, పాత యాంటీబాడీలే వైరస్‌ను క్రిములను మింగే మాక్రోఫేజు కణాల్లోకి చేరవేయగలవు. పాత టి కణాలు కొత్త రకానికి సరిగా అతకకుండానే ఎగబడతాయని కొందరంటారు, అవే కాపాడతాయని మరికొందరు. రెంటికీ ఆధారాలున్నాయి. ఈ లెక్కన "ఇమ్యూనిటీ పెంచే" పొడులు డెంగీకి విరుగుడన్న ప్రచారాన్ని నేను ఒప్పుకోలేను. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే పొడి కోసం కాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.