యంత్రం ఎంత సాయం చేయాలి?

పక్షవాతం వచ్చిన చేతిని రోబోకు కట్టి వందలసార్లు కదిలించినా, అందులో రోగి ప్రయత్నం లేకపోతే మెదడు నేర్చుకునేది చాలా తక్కువ. యంత్రం మోస్తుంటే మనిషి తనకు తెలియకుండానే బలం పెట్టడం తగ్గిస్తాడు. ఇది బద్ధకం కాదు, అక్కర్లేని శ్రమను శరీరం తనంతట తానే మానుకుంటుంది. బ్రిటన్‌లో 770 మంది పక్షవాత రోగులతో జరిగిన రాటల్స్ (RATULS) అనే వైద్య పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. 12 వారాలు, వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున రోబో శిక్షణ ఇచ్చినా మామూలు చికిత్సతో పోలిస్తే చేతి పనితీరు అదనంగా మెరుగుపడలేదు. యంత్రం ఉంటే చాలదు, దాన్ని సర్దే చెయ్యి కూడా కావాలి.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్లు ఇలాంటి చికిత్స కోసం విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లి, గది అద్దె కట్టుకుంటూ ఉండాల్సి వస్తే ఒక్క సెషను కూడా వృథా కాకూడదు.

ముందు యంత్రం సాయం ఆపేసి, చెయ్యి ఎంత దూరం సాగుతోందో కొలవాలి. 18 సెంటీమీటర్లు అందితే లక్ష్యాన్ని 20 దగ్గర పెట్టాలి. చెయ్యి దారి నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు పక్కకు పోతే యంత్రం ఊరుకోవాలి, అది దాటితేనే మెల్లగా లాగాలి. సాయం ప్రతి ప్రయత్నానికీ కొంచెం తగ్గుతూ పోవాలి, తప్పు పెరిగినప్పుడే మళ్లీ పెరగాలి. పదిలో ఏడెనిమిది అందుతుంటే స్థాయి కుదిరినట్టే. పదికి పదీ అందితే రోగి ధ్యాస ఎటో పోతుంది, మూడు నాలుగే అందితే "ఇక నావల్ల కాదు" అని చెయ్యి దించేస్తాడు. దూరం, వేగం, సాయం మూడూ ఒకేసారి మార్చితే దేనివల్ల తేడా వచ్చిందో తేలదు. బిగుసుకుపోయే చేతికి ముందు దూరమే పెంచడం మేలు, వేగం పెంచితే కండరం ఇంకా బిగుస్తుంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది స్కోరును నమ్మినప్పుడు. మోచేయి చాపకుండా నడుము ముందుకు వంచినా లక్ష్యం అందుతుంది, తెర మీద మార్కులు పడతాయి, చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఛాతీకి పట్టీ కట్టి కూర్చోబెట్టాలి. గుండె వేగాన్ని బట్టి శ్రమను అంచనా వేసే యంత్రాలు ఉన్నాయి. రోగి బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడుతుంటే గుండె వేగం అంతగా పెరగదు, దాంతో యంత్రం "ఇంకా తేలిగ్గానే ఉంది" అనుకుని బరువు పెంచేస్తుంది. చర్మం చెమటను కొలిచే సెన్సరు గోపాల్‌పూర్ లాంటి తీరంలో మే నెల ఉక్కకే పైకి పోతుంది. ఇంకొకటి, అందరూ వదిలేసేది: తెర మీద సూచన ఇంగ్లీషులోనో ఒడియాలోనో వస్తే, తెలుగు మాత్రమే వచ్చిన పెద్దావిడ అర్థం చేసుకునేలోపు గడువు అయిపోతుంది. యంత్రం దాన్ని చేతి లోపంగా లెక్కేసి స్థాయి దించుతుంది. అందుకే మొదటి పది ప్రయత్నాలు లెక్కలో వేయకుండా, పక్కనున్నవాళ్లు తెలుగులో చెప్పి చేయించాలి.

ఊరికి తిరిగొచ్చాక రోబో ఉండదు గానీ ఆ పద్ధతి ఇంట్లోనూ సాగుతుంది. బల్ల మీద సుద్దముక్కతో గీత గీసి, దాని దగ్గర ప్లాస్టిక్ గ్లాసు పెట్టాలి. పదిసార్లు అందుకోమని చెప్పి, వీపు కుర్చీకి ఆనే ఉందో లేదో చూడాలి. తొమ్మిది, పది అందితే గ్లాసును రెండు సెంటీమీటర్లు దూరం జరపాలి, అయిదు లోపే అందితే దగ్గరికి తేవాలి. వలలు అల్లిన చేతికి గ్లాసు కన్నా వల దారం, కర్ర సూది ఎక్కువ ఆసక్తి పుట్టిస్తాయి, పట్టు కొంచెం వచ్చాక వాటికే మారొచ్చు. ఎంత సాయం చేసినా చెయ్యి పట్టుకుని లాగకూడదు. పక్షవాతంలో చాలామందికి భుజం కీలు వదులై ఉంటుంది, లాగితే జారి నొప్పి మొదలవ్వొచ్చు. నొప్పి వస్తే ఆ రోజుకు ఆపి ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేయాలి.