మర్నాటి పొయ్యి

కావలి

చిరంజీవులైన పిల్లలకు,

మీ టీచరమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పోయిన ఆదివారం మన గ్రంథాలయం వరండాలో గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ చివరి అంకం చదవడం పూర్తయ్యాక, మీలో తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. మోసగాడు గిరీశం బండారం బయటపడింది, వకీలు సౌజన్యారావు పంతులు వేశ్య అయిన మధురవాణి చేతిలో భగవద్గీత పెట్టాడు, గిరీశం ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అన్నాడు, నాటకం అయిపోయింది. ‘అది సరే టీచర్, ఆ వృత్తి మానేస్తే మర్నాటి నుంచి మధురవాణి ఏం చేసి బతికింది?’ అని ఆ పిల్ల అడిగింది. మిగిలినవాళ్ళు నవ్వారు. ‘ఉత్తరం రాస్తాను’ అని చెప్పి నేను తప్పించుకున్నాను. ఆ నాటకం ఎన్నిసార్లు చదివానో నాకే లెక్క లేదు గాని, ఈ ప్రశ్న మాత్రం నాకు ఒక్కసారి కూడా తోచలేదని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది.

సూటిగా చెప్పాలంటే, ఏం చేసి బతికిందో నాటకంలో లేదు. కథ రాసేవారికి ఆడమనిషి గడప దాటే క్షణం మీద ఉండే మక్కువ, దాటిన తరువాత ఆమె ఎక్కడ పడుకున్నది, ఎవరి దగ్గర నాలుగు గిద్దెల బియ్యం బదులు తెచ్చుకున్నది అనే సంగతుల మీద ఉండదు. అందుకు కారణం లేకపోలేదు. గడప దాటడానికి ఒక రంగం చాలు, తరువాతి బతుకు రాయాలంటే నాటకం తెల్లవారేదాకా సాగుతుంది. అయితే అదే నాటకంలో పొయ్యి వెలుగుతున్న ఇల్లు ఒకటి ఉన్నది. దానిని మనం చూసీ చూడనట్టు దాటిపోతాము. అది పూటకూళ్ళమ్మ ఇల్లు.

పూటకూళ్ళు అంటే ఏమిటో మీ తరానికి చెప్పవలసి ఉన్నది. హోటళ్ళు రాకముందు పనిమీద పట్నానికి వచ్చినవారు, ఊరు విడిచి చదువుకునే పిల్లలు, కచేరీలలో చిన్న ఉద్యోగులు ఒక ఇంట్లో పూటకింత అని డబ్బు ఇచ్చి భోజనం చేసేవారు. ఆ ఇల్లు నడిపేది చాలాచోట్ల భర్త పోయిన ఆడమనిషి. ఆమెకు భూమి మీద హక్కు లేదు, చదువు లేదు, మళ్ళీ పెళ్ళి చేసుకునే వీలు లేదు. ఉన్నదల్లా నాలుగు ఇత్తడి గిన్నెలు, వంట తెలిసిన రెండు చేతులు. గురజాడ నాటకంలో ఆమెకు పేరు కూడా లేదు, వృత్తి పేరే ఆమె పేరు. గిరీశం ఆమె అన్నం తిని, ఆమె డబ్బు వాడుకుని, ముఖం చాటేస్తాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చే రంగం దగ్గర, మంచం కింద దాక్కున్న గిరీశానికి తగలవలసిన దెబ్బ అక్కడే దాక్కున్న రామప్పంతులుకు తగిలినప్పుడు, మీరందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నాటకం మొదటిసారి 1892లో ఆడారు, ఇప్పుడు మనం చదివే రూపం 1909లో వచ్చింది. అప్పటినుంచి తెలుగువాళ్ళు అక్కడ నవ్వుతూనే ఉన్నారు. తన డబ్బు తాను వసూలు చేసుకోవడానికి పట్టపగలు వీధిన పడి వచ్చిన ఆడమనిషి అక్కడ ఎదురుగా ఉన్నదని ఆ నవ్వులో మనకు గుర్తు రాదు.

ఇప్పుడు నాటకం పక్కన పెట్టి మన పక్క జిల్లాకు రండి. ఒంగోలులో అటువంటి పూటకూళ్ళ ఇల్లు ఒకటి నిజంగా ఉండేది. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం అనే పిల్లవాడికి పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకుని ఒంగోలులో పూటకూళ్ళు పెట్టింది. పరువుగల కుటుంబాలు ఆ పనిని తక్కువగా చూసే కాలం అది. పూటకు ఇంతమందికి అన్నం పెట్టడం అంటే చీకటితో లేవడం, కట్టెలు తడిస్తే ఊదుకుంటూ కూర్చోవడం, బాకీ పెట్టినవాడికి కూడా మర్నాడు విస్తరి వెయ్యక తప్పకపోవడం. పిల్లవాడికి పరీక్ష రుసుము మూడు రూపాయలు కావలసి వచ్చి, ఎక్కడా పుట్టనప్పుడు ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టింది. ఈ సంగతి ఆ కొడుకే పెద్దవాడయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ పిల్లవాడే తరువాత బారిస్టరు అయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. పెట్టవలసినదే. కాని ఆ జిల్లా సరిహద్దు దాటే ప్రతిసారీ నాకు ఆ పట్టుచీర గుర్తుకు వస్తుంది. దానిని ఆమె విడిపించుకున్నదో లేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

‘ఆమె కొడుకు కోసం చేసింది, తన దారి తాను వేసుకోవడం అంటే అదా?’ అని మీలో ఒకరు అడగవచ్చు. అడగండి. నా ఉద్దేశం మాత్రం ఇది: ఎవరి కోసం చేసినా, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకడానికి ఆమె ఒక ఏర్పాటు తానుగా కట్టుకున్నది, అది నిలబడ్డది. నా సంగతి చెబితే మీకు తేడా తెలుస్తుంది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా వీధిలో అందరూ నన్ను సొంత కాళ్ళ మీద నిలబడ్డ ఆడపిల్లగా చెప్పుకున్నారు. మొదటి నెల జీతాన్ని నేను లెక్క కూడా పెట్టకుండా తెచ్చి మా అత్తగారి చేతిలో పెట్టాను. అలా పదకొండేళ్ళు పెట్టాను. ఆమె చెడ్డ మనిషి కాదు, అడిగితే ఇచ్చేది. అడగవలసి రావడమే సంగతి. సుబ్బమ్మగారు ఎవరినీ అడగలేదు.

కథలలో పని అడిగి కుదుర్చుకున్న ఆడవాళ్ళు అసలే లేరని కాదు. మన నెల్లూరు తిక్కన చేతిలో తెలుగైన విరాటపర్వం చూడండి. ద్రౌపది సైరంధ్రి వేషంలో సుధేష్ణ దగ్గరకు వెళ్ళినప్పుడు తల దువ్వుతాను, పూలు కడతాను, గంధం తీస్తాను అని తనకు వచ్చిన పని చెప్పుకోవడంతో పాటు, ఎంగిలి ముట్టను, కాళ్ళు కడగను అని ముందే షరతు పెడుతుంది. మహారాణి అయిన మనిషి దాసీగా చేరుతూ కూడా షరతు చెప్పి చేరింది. కీచకుడు నిండు సభలో తన్నినప్పుడు, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు ‘నాట్యమాడేదానిలా ఇక్కడ నిలబడడం ఏమిటి’ అన్నట్టు మందలిస్తే, ‘నా భర్తే నటుడు, పెద్దవారు నడిచిన దారినే చిన్నవారూ నడుస్తారు’ అని ఆమె ఎత్తిపొడిచే పద్యం మీరు పై తరగతులకు వెళ్ళాక కంఠతా పడతారు. ఎత్తిపొడిచి ఊరుకోలేదు, ఆ రాత్రి వంటశాలలో ఉన్న భీముడి దగ్గరకు వెళ్ళి, జరగవలసిన ఏర్పాటు చేయించుకున్నది. నాకు పద్యం కన్నా ఆ షరతు ఎక్కువ ఇష్టం, కాని పరీక్షలో అడిగేది పద్యమే.

రామాయణం రాసిన మొల్ల సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. ఆమె గురించి మనకున్న పుక్కిటి కథలు పది. ఆమె స్వయంగా చెప్పుకున్నది తండ్రి పేరు, గోపవరం మల్లేశుడి పేరు, తనకు పెద్ద చదువులు రావన్న మాట. తేనె తగిలితే నోరు తీపి అయినట్టు వినగానే అర్థం తెలియని కావ్యం మూగవారి, చెవిటివారి ముచ్చటే అని ఆమె రాసింది. ఆమె మీద అల్లిన కథలు నమ్మడం కన్నా ఆమె పద్యాలు చదవడం మేలు.

‘కన్యాశుల్కం’ మొదట ఆడిన 1892లోనే మన నెల్లూరు జిల్లా మినగల్లులో పొణకా కనకమ్మగారు పుట్టారు. బాల్యంలోనే పెళ్ళి, పొట్లపూడిలో కాపురం. బడి ముఖం చూడలేదు. ఇంట్లోనే కూర్చుని తెలుగు, సంస్కృతం, హిందీ నేర్చుకున్నారు. సుబ్బమ్మగారికీ ఈమెకూ పోలిక లేదు. ఈమెకు భూములున్నాయి, ఇంటినిండా పనివాళ్ళున్నారు, పొయ్యి ముందు కూర్చోవలసిన అవసరం లేదు. ఉన్న ఇంటి ఆడవాళ్ళకు గడప ఎత్తు కూడా ఎక్కువగా ఉండేదన్న సంగతి మరచిపోవద్దు. వారు వీధిలోకి రావడమే ఒక వార్త. పెన్న ఒడ్డున పల్లెపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమానికి భూమి సమకూరడంలో ఆమె చెయ్యి ఉన్నది. ఆడపిల్లల కోసం 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఉప్పు సత్యాగ్రహం రోజులలో జైలుకు వెళ్ళారు. జైలుకు వెళ్ళడం పెద్ద సంగతే, కాని నన్ను అడిగితే ఆ బడిని ఏళ్ళ తరబడి నిలబెట్టడం అంతకన్నా పెద్దది. జైలులో అన్నం సర్కారు పెడుతుంది. బడికి మాత్రం ప్రతి నెలా పంతులమ్మల జీతాలు వెతుక్కోవాలి. ఆమె రాసుకున్న ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ ఆమె 1963లో పోయాక ఎన్నో ఏళ్ళకు, 2011లో గాని అచ్చు కాలేదు. మన గ్రంథాలయంలో ఒక ప్రతి ఉన్నది, అట్ట ఊడింది, జాగ్రత్తగా తియ్యండి.

ఇక నేను కళ్ళారా చూసినది చెబుతాను. 1991లో మన జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో పెద్దలకు చదువు నేర్పే కార్యక్రమం జరిగింది. పగలు బడి చూసుకుని, రాత్రిళ్ళు నేను ఉదయగిరి వైపు ఒక ఊరికి వెళ్ళేదాన్ని. లాంతరు చుట్టూ ఇరవైమంది ఆడవాళ్ళు, అందరూ కూలికి పోయి వచ్చినవారే, సగంమంది ఒళ్ళో పిల్లలు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం వచ్చింది. మొగుడి తాగుడు ఒక సంసారాన్ని ఏం చేసిందో చెప్పే కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం పూర్తిచేసేసరికి రెండు రాత్రులు పట్టింది. చివరికి ఒకామె, ‘ఈ సీతమ్మది ఏ ఊరు టీచరమ్మా?’ అని అడిగింది. ఊరు లేదమ్మా, ఇది కథ అన్నాను. ఆమె పక్కనున్న ముసలామె పలకమీద నుంచి తల ఎత్తకుండానే, ‘కతేంది, మా ఇంటి సంగతే గదా’ అన్నది. ఆ రాత్రి పాఠం ఇక సాగలేదు.

అప్పటి స్థితి మీరు ఊహించుకోవాలి. మంచినీళ్ళకు మైలు నడవవలసిన ఊళ్ళకు కూడా సారా మాత్రం ప్యాకెట్లలో ఇంటి ముంగిటికి వచ్చేది, అప్పుగా కూడా దొరికేది, మగవాడి కూలి ఇంటికి రాకుండా అంగడి దగ్గరే ఆగిపోయేది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఏకమై సారా అంగడి మూయించారు. వారిలో వర్ధినేని రోశమ్మగారి పేరు తరువాత దేశమంతా తెలిసింది. అక్కడితో ఆగి ఉంటే అది ఒక ఊరి సంగతిగానే మిగిలిపోయేది. కాని వారు చేసిన పని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై వాచకంలోకి ఎక్కింది. కథ చదివిన ఆడవాళ్ళు ఒక పని చేశారు, ఆ పని మళ్ళీ కథ అయింది, దానిని చదివిన వేరే ఊళ్ళ ఆడవాళ్ళు తమ ఊరి అంగడి మీదకు నడిచారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు. ఆ సడలింపు మాట వదిలేసి ఈ కథ చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను. మీరు చెప్పేటప్పుడు దానిని కలిపే చెప్పండి.

అంగడి మూసిన మర్నాడు ఏమయిందన్నది కూడా నాకు తెలుసు. కూలి డబ్బు ఇంటికి రావడం మొదలయ్యాక, దానిని ఎక్కడ దాచాలి అనే ప్రశ్న వచ్చింది. అప్పుడు మన జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ అని రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే సంఘాలు మొదలయ్యాయి. నెలకు ముప్పై రూపాయలు, ఒక్కొక్కరికి ఒక పుస్తకం. కథ కాదని నాతో వాదించిన ఆ ముసలామె, నెలాఖరున నా దగ్గరకు వచ్చి తన పుస్తకంలో అంకెలు తానే కూడి చూపించింది. రెండు రూపాయలు తేడా వచ్చింది. తప్పు నాదే అనుకుని మళ్ళీ కూడి చూశాను. తప్పు సంఘం లెక్క రాసినవారిది. ఆమె వెళ్ళి దిద్దించుకుని వచ్చింది.

కనుక అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు గురజాడ రాయలేదు, నేనూ రాయలేను. మీరే రాయండి. మధురవాణికి వీణ వచ్చు, లెక్క తెలుసు, ఎదుటి మనిషి మనసులో ఏమున్నదో అతనికన్నా ముందు ఆమెకు తెలుస్తుంది. ఇల్లు ఎక్కడ తీసుకున్నది, అద్దె ఎంత, ఆమెకు అద్దెకు ఇల్లిచ్చినది ఎవరు, ఇవ్వనన్నది ఎవరు, వీణ నేర్పుతానంటే తమ పిల్లలను ఎవరైనా పంపారా, పూటకూళ్ళమ్మ ఏమైనా ఆమెకు ఎదురుపడ్డదా, ఆలోచించుకుని వచ్చే ఆదివారానికి ఒక్కొక్కరు రెండేసి పేజీలు రాసుకుని రండి. మగపిల్లలు కూడా రాయాలి. సౌజన్యారావు ఇచ్చిన గీత పుస్తకం ఆమె ఏ గూట్లో పెట్టిందో రాయకపోయినా నేను అడగను; మర్నాడు ఉదయం బియ్యం ఎక్కడివో, పొయ్యి ఎవరు ముట్టించారో మాత్రం రాయండి.

ఇట్లు,
మీ టీచరమ్మ