ఓఎస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే మౌస్ కదలడం లేదా? అపోహలు - వాస్తవాలు

విండోస్ సెటప్ స్క్రీన్ వచ్చాక మౌస్ కదలకపోతే చాలామంది కొత్త మౌస్ కొంటారు, లేదా మౌస్ కంపెనీ డ్రైవర్ (మౌస్‌ను ఓఎస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కోసం నెట్‌లో వెతుకుతారు. సర్వీస్ పనిలో నేను చూసే కేసుల్లో తప్పు మౌస్‌ది కావడం అరుదు. మౌస్ తగిలించిన పోర్టును ఓఎస్ గుర్తించలేదు, అంతే.

అపోహ: కంపెనీ డ్రైవర్ లేకపోతే మౌస్ పనిచేయదు.

మామూలు యూఎస్‌బీ మౌస్‌కు అది అక్కర్లేదు. హెచ్‌ఐడీ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది, దాని డ్రైవర్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ముందే ఉంటుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ అదనపు బటన్లకు, లైట్లకే.

అపోహ: బయోస్‌లో (ఓఎస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లో) మౌస్ కదిలింది కాబట్టి పోర్టు సమస్య కాదు, పెన్‌డ్రైవ్‌లోని ఓఎస్ ఫైలే పాడైంది.

జనాన్ని ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. బయోస్‌కు సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉంటుంది. సెటప్ మొదలయ్యాక పోర్టుల బాధ్యత విండోస్‌కు వెళ్తుంది. ఆ పోర్టులను నడిపే కంట్రోలర్‌కు డ్రైవర్ విండోస్ దగ్గర లేకపోతే మౌస్, కీబోర్డు రెండూ ఆగిపోతాయి.

విండోస్ 7నే తీసుకోండి. 2015లో స్కైలేక్ ప్రాసెసర్లతో వచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్లలో (పోర్టులను ప్రాసెసర్‌కు కలిపే మదర్‌బోర్డు చిప్‌లలో) ఇంటెల్ యూఎస్‌బీ 2.0 కోసం ఉన్న పాత ఈహెచ్‌సీఐ కంట్రోలర్‌ను తీసేసి, యూఎస్‌బీ 3.0తో వచ్చిన ఎక్స్‌హెచ్‌సీఐ ఒక్కటే ఉంచింది. దాని డ్రైవర్ విండోస్ 7 డిస్క్‌లో లేదు. నల్ల రంగు 2.0 పోర్టుకు మార్చినా, ఆ చిప్‌సెట్ పోర్టులన్నీ అదే కంట్రోలర్ కింద ఉంటాయి కాబట్టి లాభం లేదు. విండోస్ ఇన్‌స్టాల్ ఫైళ్లను మార్చే డిస్మ్ కమాండ్‌తో ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్‌ను బూట్.విమ్ (సెటప్‌ను నడిపే ఫైలు)లోని రెండో ఇండెక్స్‌కు, ఇన్‌స్టాల్.విమ్ (కంప్యూటర్‌లోకి ఎక్కే విండోస్ ఉన్న ఫైలు)కు కూడా కలపాలి. బూట్.విమ్‌కు మాత్రమే కలిపితే సెటప్ అంతా హాయిగా సాగి, రీస్టార్ట్ అయ్యాక యూజర్ పేరు అడిగే చోట మౌస్ మళ్లీ ఆగిపోతుంది. అయితే విండోస్ 7కు సపోర్ట్ 2020 జనవరి 14తో ముగిసింది. పాత మెషీన్ సాఫ్ట్‌వేర్ కోసం తప్పదంటేనే వేయండి, ఆ సిస్టమ్‌ను ఇంటర్నెట్‌కు కలపకండి.

అపోహ: సెటప్‌లో టచ్‌ప్యాడ్ కదల్లేదంటే అది పాడైనట్టే.

టెన్షన్ పడకండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలా టచ్‌ప్యాడ్‌లు యూఎస్‌బీ మీద కాకుండా ఐ2సీ అనే లోపలి కనెక్షన్ మీద నడుస్తాయి. ఇంటెల్ మోడళ్లలో దానికి సీరియల్ ఐఓ డ్రైవర్ కావాలి, అది సెటప్‌లో లేకపోవచ్చు. యూఎస్‌బీ మౌస్ పెట్టండి, లేదా ట్యాబ్, బాణం కీలు, స్పేస్‌తో ముందుకెళ్లండి. ఇన్‌స్టాల్ అయ్యాక ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ముందు సీరియల్ ఐఓ, తర్వాత టచ్‌ప్యాడ్ డ్రైవర్ వేయండి.

అపోహ: బాణం గుర్తు తనంతట తానే గెంతుతోందంటే వైరస్.

సీరియల్ పోర్టుకు (పాత తరహా కామ్ పోర్టుకు) జీపీఎస్ రిసీవర్ లాంటిది తగిలించి ఉందేమో చూడండి. బూట్ అయ్యే సమయంలో అది పంపే డేటాను చూసి విండోస్ మౌస్ అనుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో ‘మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్’ అని కనబడుతుంది. అసలు తప్పుగా గుర్తించడం అంటే ఇదీ. ఓఎస్ వేసేటప్పుడు ఆ కేబుల్ తీసేయండి. ఇప్పటికే వేసేసి ఉంటే ఆ ఎంట్రీని డిసేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం, ఆ రిసీవర్ ఉండగా బూట్ చేసినప్పుడు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.