నెలకోసారి తీసే స్పోర్ట్స్ కారు, దాని బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఈమధ్య నా చేతికి వచ్చేవి ఎక్కువగా పోర్షేలు, బీఎండబ్ల్యూ జెడ్4లు, ఫోర్డ్ మస్టాంగ్‌లు. ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒక రౌండు వేసి, మళ్ళీ సెల్లార్‌లో కవర్ కిందికి వెళ్ళిపోయే బళ్ళు. ఓనర్లు మంచి ఆయిల్ తప్ప పోయరు, టైర్లలో గాలి కూడా లెక్క చూసి పట్టిస్తారు, బ్యాటరీ మాత్రం సెల్ఫ్ తీసుకోని రోజునే గుర్తొస్తుంది. నా దగ్గరికి డౌన్ అయి వచ్చే బ్యాటరీల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద తిరిగి పాడైనవి కావు, నిలబడి పాడైనవి. నాకు రోజూ వినిపించే మాటలకి ఇక్కడే సమాధానం రాస్తున్నాను.

అపోహ: వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే చాలు.

అందరూ చెప్పే మాట ఇదే, అన్నిటికంటే ఎక్కువ బ్యాటరీలను చంపుతున్నదీ ఇదే. సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది కానీ అది ఒకటి రెండు సెకన్ల పని, ఆ ఖర్చు చాలా చిన్నది. అసలు ఖర్చంతా కారు తాళం వేసి ఉన్నప్పుడు జరుగుతుంది. అలారం, కీలెస్ రిసీవర్, గడియారం, ట్రాకర్ అన్నీ కలిపి 30 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. 50 అనుకుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్), నెలకి 36. మీ బ్యాటరీ 70 ఆంపియర్ అవర్‌ది అయితే నెల తిరిగేసరికి సగం ఖాళీ.

పది నిమిషాల్లో అది తిరిగొస్తుందా? బండి కదలకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు (ఐడ్లింగ్) ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే భాగం, ఇచ్చేదే తక్కువ, అందులో ఫ్యాన్, ఏసీ, ఇంజన్ కంప్యూటర్ తమ వాటా తీసుకోగా మిగిలిందే బ్యాటరీకి. పైగా లెడ్ బ్యాటరీ చివరి ఇరవై శాతం ఛార్జింగ్‌ని చాలా నిదానంగా తీసుకుంటుంది, మీరెంత తొందరపెట్టినా దానికి గంటలు పడుతుంది. అందుకే గంటసేపు ఓఆర్ఆర్ మీద తిప్పినా, నెల రోజులు పడుకున్న బ్యాటరీ పూర్తిగా నిండదు. ఇలా సగం సగం ఛార్జ్‌తో వారాలు గడిస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. దాన్నే సల్ఫేషన్ అంటాం. ఒకసారి బాగా గట్టిపడ్డాక ఏ ఛార్జరూ దాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చు కాదు. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక చూస్తే మామూలు బ్యాటరీకి 12.6 నుంచి 12.7 వోల్టులు ఉండాలి, ఏజీఎం (యాసిడ్‌ని గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే సీల్డ్ రకం) అయితే ఇంకొంచెం ఎక్కువ. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12.4 కిందికి దిగితే ఆలస్యం చేయకుండా ఛార్జింగ్ పెట్టండి.

అపోహ: ఛార్జర్ తగిలించి రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది.

బ్యాటరీ షాపుల్లో కనిపించే పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్లకి ఇది నూటికి నూరుపాళ్ళు నిజం, అవి ఆగడం ఎరగవు. కానీ మీరు కొనాల్సింది స్మార్ట్ ఛార్జర్, కొందరు మెయింటెయినర్ అంటారు. అది 14.4 నుంచి 14.7 వోల్టుల దాకా తీసుకెళ్ళి, బ్యాటరీ నిండాక దాదాపు 13.5కి దిగి, కారు తాగినంతే పోస్తూ కూర్చుంటుంది. నెలలు వదిలేసినా ఇబ్బంది లేదు. చాలా స్పోర్ట్స్ కార్ల కంపెనీలు ఇలాంటివి సొంత పేరుతో అమ్ముతున్నాయి కూడా.

జాగ్రత్తంతా మోడ్ దగ్గరే. బ్యాటరీ మీద ఏజీఎం అని ఉంటే ఏజీఎం మోడ్. రిపేర్, రీకండిషన్ అని ఉండే మోడ్ 15 వోల్టులు దాటుతుంది, కారులో బిగించి ఉన్న బ్యాటరీకి దాన్ని ముట్టుకోవద్దు. లిథియం అయితే అసలే వద్దు. 2010 మోడళ్ళ నుంచే పోర్షే 911 జీటీ3కి లిథియం స్టార్టర్ బ్యాటరీని ఆప్షన్‌గా ఇచ్చింది, దానితో పది కిలోల పైగా బరువు తగ్గింది. ఇలాంటి వాటికి లిథియం కోసమే చేసిన ఛార్జర్ కావాలి.

అపోహ: ఛార్జర్ మైనస్ క్లిప్ ఎక్కడ పెట్టినా ఒకటే.

కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీదే ఒక సెన్సర్ ఉంటుంది, వచ్చే కరెంటు, పోయే కరెంటు అది లెక్కపెడుతుంది. క్లిప్ నేరుగా టెర్మినల్‌కి పెడితే మీరు ఎక్కించింది దాని లెక్కలోకి రాదు. బాడీ ఎర్త్ పాయింట్‌కి, అంటే కారు బాడీకి మైనస్ కలిసే లోహపు బోల్టుకి పెట్టండి. బీఎండబ్ల్యూ లాంటి వాటిలో బ్యాటరీ మార్చాక, కొత్తది వేశామని స్కానర్‌తో కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ కూడా చేయించాలి, లేకపోతే పాత బ్యాటరీయే ఉందనుకుని ఛార్జ్ చేస్తుంది.

అపోహ: తరచూ డౌన్ అవుతోందంటే బ్యాటరీ పోయినట్టే.

కిందటేడు ఒక కారు వచ్చింది, ఏడాదిలో రెండు కొత్త బ్యాటరీలు వేశారట. బానెట్ తెరిచి, లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి బానెట్ మూసుకున్నట్టు కారుని నమ్మించి, తాళం వేసి, మైనస్ వైరు చుట్టూ కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ పెట్టి కూర్చున్నాను. మొదట 6 ఆంపియర్లు. ఐదు నిమిషాలకి 2. ఇక్కడే చాలామంది తొందరపడి లీకేజీ ఉందని తేల్చేస్తారు, కానీ కారులోని మాడ్యూళ్ళన్నీ (ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు) నిద్రపోవడానికి అరగంట పైనే పట్టొచ్చు. నలభై నిమిషాలైంది, మీటర్ 0.41 దగ్గర ఆగిపోయింది, దిగట్లేదు. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోతే డాష్‌క్యామ్ ఫ్యూజు తీయగానే 0.03కి పడింది. ఎవరో దాన్ని ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి కలిపేశారు. 0.41 అంటే రోజుకి దాదాపు 10 ఆంపియర్ అవర్, వారంలో ఎంత మంచి బ్యాటరీ అయినా ఖాళీ. తప్పు లేని బ్యాటరీలు రెండు పారేశారు, నాకు నిజంగా బాధేసింది.

అపోహ: డౌన్ అయితే ఏముంది, ఇంకో బ్యాటరీ నుంచి జంప్ ఇచ్చేద్దాం.

చాలా 911లలో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ మూత కరెంటుతోనే తెరుచుకుంటుంది. కరెంటు లేదు కాబట్టి మూత రాదు. దాన్ని రాడ్డుతో లేపబోయి పెయింట్ పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. కాళ్ళు పెట్టుకునే చోట పక్కనున్న ఫ్యూజ్ బాక్సులో బయటికి లాగే ప్లస్ టెర్మినల్ ఉంటుంది. బయటి బ్యాటరీ నుంచి దానికి ప్లస్, డోర్ లాక్ పడే ఇనుప కొక్కేనికి మైనస్ ఇస్తే మూత తెరుచుకుంటుంది. అలారం మోగుతుంది, కీ నొక్కితే ఆగుతుంది. ఆ టెర్మినల్ మూత కోసమే, అక్కడి నుంచి ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఇంకో సంగతి, ఫ్రేమ్ లేని అద్దాల డోర్లు తెరిచేటప్పుడు అద్దం కొంచెం కిందికి దిగుతుంది, కరెంటు లేనప్పుడు దిగదు. అలాంటప్పుడు డోర్ గట్టిగా వేయొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందన్నది చెక్క, రబ్బరు పెట్టెల కాలం నాటి మాట, ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకి అది వర్తించదు. ఆర్ఓ నీళ్ళు పోయొద్దు, వాటిలోనూ లవణాలుంటాయి, డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఏజీఎంకి అదీ అక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ టెస్ట్ చేసే అలవాటు మన మెకానిక్‌లలో ఇంకా ఉంది, దయచేసి ఒప్పుకోకండి, వోల్టేజీ ఒక్కసారి ఎగిసి కంట్రోల్ యూనిట్లు కాలిపోవచ్చు. చలి కంటే మన ఎండే బ్యాటరీకి పెద్ద శత్రువు, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం అవుతుందని మా లెక్క. చాలా ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కార్లలోనూ వేరే 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు.

ఇక సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ అడిగితే అసోసియేషన్ వాళ్ళు కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడతారు. 5 ఆంపియర్ల ఛార్జర్ ఫుల్‌గా పనిచేసినా తీసుకునేది వంద వాట్లలోపే, బ్యాటరీ నిండాక ఒక చిన్న నైట్ బల్బంత. సబ్ మీటర్ పెట్టించి మీరే కట్టేస్తానని చెప్పండి, ఒప్పుకుంటారు. గాలి ఆడే చోట ఉంచండి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. వైరు తగిలించిన ప్రతిసారీ స్టీరింగ్‌కి ఒక ఎర్ర గుడ్డ కట్టండి, ఛార్జర్‌ని ఈడ్చుకుంటూ ర్యాంపు ఎక్కేసిన కారు నా దగ్గరికి ఇప్పటికే ఒకటి వచ్చింది.