ఆరోగ్యశ్రీలో పిప్పి పంటికి చోటెందుకు లేదు

ఆరోగ్యశ్రీ బకాయిల గొడవ మళ్లీ రాజుకుంది. బిల్లులు రావట్లేదని ఈ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులు, ఇస్తూనే ఉన్నామని ప్రభుత్వాలు. ఇంత రచ్చలోనూ పంటి నొప్పితో తిరిగేవాళ్ల ఊసు రాదు. అసలు మెలిక 2007లోనే పడింది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలైంది. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకునే కుటుంబాలకు అది పెద్ద అండ, కాదనలేం. అయితే దాని లెక్కంతా ఆస్పత్రిలో చేరడం మీదే నడిచింది. తెల్లకార్డుతో చేరాలి, ఆపరేషన్ జరగాలి, చికిత్సకింత అని ముందే కట్టిన ప్యాకేజీ ప్రకారం బిల్లు పోవాలి. పన్ను పీకకుండా లోపల చెడింది తీసి నింపే రూట్ కెనాల్‌కు మంచం అక్కర్లేదు, రెండు మూడుసార్లు వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలు. అందుకే అది జాబితాకు బయటే ఉండిపోయింది. దవడ విరిగితే వైద్యం ఉంది, నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ ఉంది. పిప్పి పన్నుకు లేదు. 2018లో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ కూడా ఇదే దారి పట్టింది.

పెద్ద ఖర్చుల నుంచి పేదల్ని కాపాడటమే పథకం ఉద్దేశమని అధికారులు అంటారు. మరి ఆరోగ్యశ్రీని నడిపే ట్రస్టే నడిపిన ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో పళ్ల చికిత్సలకు ప్యాకేజీలు ఎలా పెట్టారు? జీతగాడి పన్నుకు కట్టిన లెక్క కూలివాడి పన్నుకు కట్టలేకపోయారా? కంటి వెలుగులో ఊరూరా పరీక్షలు చేసి కళ్లద్దాలు ఇచ్చింది కూడా ఈ ప్రభుత్వాలే.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి ఇచ్చే వైద్య ఖర్చు పరిమితి తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెరిగింది. పంటికి అవసరమయ్యేది కొన్ని వేలు. ఆ వేలకే దారి లేదు. సర్కారులో పూర్తి వైద్యం కావాలంటే చాలామంది హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలకు వెళ్లాలి. మూడు సిట్టింగులంటే మూడు రోజుల కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం.

ఒక ఏరియా ఆస్పత్రిలో ఈమధ్య చూశాను. ఓపీ చీటీ పిడికిట్లో నలిపి పట్టుకుని, చెంగు చెంపకు అదిమిపెట్టుకుని కూర్చుంది ఒకావిడ. దగ్గరికెళ్తే లవంగం వాసన. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుందమ్మా. ఇక్కడ ఆ సామాను లేదు. బయటైతే డబ్బులవుతాయి," అంది. ఆవిడ ఎంతవుతుందని కూడా అడగలేదు. "పీకెయ్యండమ్మా, రేపు నాట్లకు పోవాలి," అంది.