ఫైల్లో ఉన్నది తెలుగా, తెలుగు బొమ్మా? డీటీపీ అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణకర్తల దగ్గరైనా, గుంటూరు అరండల్‌పేట డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే) సెంటర్లలోనైనా పుస్తకం పని ఇప్పటికీ రెండు దారుల్లో నడుస్తోంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లలో పాత ఫాంట్లతో పేజీమేకర్ ఒకటి, యూనికోడ్‌తో (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) ఇన్‌డిజైన్ ఇంకొకటి. ఈ దారి ఫైలు ఆ దారికి వెళ్లినప్పుడే చాలా గొడవలు పుడతాయి. రచయితలు, ప్రచురణకర్తలు, కొత్తగా చేరిన ఆపరేటర్లు తరచూ అనే మాటలు కొన్ని, వాటి వెనక అసలు సంగతి ఇక్కడ.

అపోహ: తెరమీద తెలుగు కనిపిస్తోంది కదా, ఫైల్లో ఉన్నదీ తెలుగే.

వాస్తవం: అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన ఫైల్లో తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఆ స్థానాల్లో తలకట్టు, కొమ్ము, వత్తు వంటి ముక్కల బొమ్మలు పెట్టారు కాబట్టి తెలుగులా కనిపిస్తుంది. యూనికోడ్ అలా కాదు. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, ‘క’ ఏ కంప్యూటర్లోనైనా ‘క’యే. తేల్చుకోవడం తేలిక: నాలుగు వాక్యాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. తెలుగుగానే ఉంటే యూనికోడ్. పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తే పాత ఫాంటు. పని ఒప్పుకునే ముందే ఈ పరీక్ష చేయాలి, ధర మాట్లాడుకున్నాక కాదు.

అపోహ: కన్వర్టర్లో వేస్తే ఒక్క నొక్కుతో యూనికోడ్ అయిపోతుంది.

వాస్తవం: అక్షరాలు మారతాయి, పుస్తకం మారదు. కన్వర్టర్ పెట్టెలో పేస్టు చేయగానే ఫాంటు పేర్లు పోతాయి. మధ్యలో టైమ్స్ అనే ఇంగ్లిష్ ఫాంటులో ఉన్న పేర్లు, సంవత్సరాలు, బ్రాకెట్లు కూడా తెలుగు ముక్కలే అనుకుని కన్వర్టర్ వాటినీ మార్చేస్తుంది. 1956 అని ఉన్నచోట అర్థంలేని వత్తులు తేలడానికి కారణం ఇదే. అందుకని ముందు వర్డ్‌లో ఫాంటు పేరుతో వెతికి, టైమ్స్‌లో ఉన్న ప్రతి ముక్కనూ వేరే ఫైల్లోకి తీసి, దాని స్థానంలో ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు కన్వర్టర్ ముట్టుకోనిదై ఉండాలి. మార్పిడి అయ్యాక తిరిగి పెట్టుకోవచ్చు. శీర్షికలకు వేరే ఫాంటు వాడి ఉంటే వాటిని విడిగా మార్చాలి. ఒకే కంపెనీ ఫాంట్లయినా వెర్షన్‌ను బట్టి ఏ సంకేతానికి ఏ ముక్క అన్న పట్టిక వేరు కావచ్చు.

మొత్తం పుస్తకం ఒకేసారి వేయకండి. ఒక అధ్యాయం వేసి లక్ష్మి, స్త్రీ, కృష్ణ, జ్ఞానం, తత్త్వం, సర్వం, నైజం, ఘనం అనే మాటలు సరిగ్గా వచ్చాయో లేదో చూడండి. ఎక్కువగా దెబ్బతినేది క్రావడి (ర వత్తు). చూపుకు అది అక్షరానికి ఎడమవైపు నుంచి మొదలవుతుంది కాబట్టి కొన్ని ఫాంట్లలో దాన్ని ముందే కొడతారు. యూనికోడ్‌లో అది హల్లు తర్వాత రావాలి. ఈ వరస తప్పితే వత్తు పక్క అక్షరానికి తగులుకుంటుంది.

ఇంకొకటి కంటికి కనపడదు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండుగానూ రాయొచ్చు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొన్ని కన్వర్టర్లు రెండోది ఇస్తాయి. అప్పుడు ‘నైజం’ అని వెతికితే పేజీలో ఉన్నా దొరకదు. ఫైలు మొత్తాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఇలా విడిగా ఉన్న సంకేతాలను ఒక్కటిగా కలిపే రూపం) మారిస్తే ఈ తేడా పోతుంది.

అపోహ: యూనికోడ్ ప్రింటుకు పనికిరాదు, వత్తులు విడిపోతాయి.

వాస్తవం: విడిపోయేది పాత సాఫ్ట్‌వేర్లో. పేజీమేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. ఇన్‌డిజైన్‌లోనూ ‘క్షమ’ విడివిడిగా పొల్లుతో వస్తోందంటే కంపోజర్ (అక్షరాలను లైన్లలో కూర్చే అమరిక) మార్చలేదని అర్థం. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. ఒక్కో పేరాకు మారుస్తూ కూర్చోకుండా పారాగ్రాఫ్ స్టైల్లో, జస్టిఫికేషన్ విభాగంలో కంపోజర్ మార్చేస్తే ఆ స్టైల్ ఉన్న పేరాలన్నీ సరిపడతాయి. డాక్యుమెంటు ఏదీ తెరవకుండా ప్రిఫరెన్సుల్లో మారిస్తే ఇక మీద తెరిచే కొత్త ఫైళ్లకు అదే వస్తుంది. పాత ఫైళ్లకు రాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు.

లీడింగ్ (ఒక లైను నుంచి కింది లైనుకు ఉండే దూరం) సంగతి కూడా ఇక్కడే. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిష్ కొలత సరిపోదు. డెమ్మీ 1/8 సైజు పుస్తకంలో 12 పాయింట్ల అక్షరానికి 16, 17 పాయింట్ల లీడింగ్ ఇస్తే ఊపిరాడుతుంది. అయితే అదే 12 పాయింట్లలో ఒక ఫాంటు చిన్నగా, ఇంకొకటి పెద్దగా ఉంటుంది కాబట్టి ఒక పేజీ ప్రింటు తీసి చూడాలి. పేజీలు తగ్గించడానికి లీడింగ్ నొక్కేయడం కన్నా అంచులు కాస్త తగ్గించడం మేలు.

అపోహ: నల్లక్షరమే కదా, వర్డ్ నుంచి పీడీఎఫ్ చేసి ప్రెస్సుకు పంపితే చాలు.

వాస్తవం: వర్డ్ ఇచ్చే నలుపు ఆర్‌జీబీ (తెర కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో ఉండే) నలుపు. ప్రెస్సులో సరిచూడకపోతే అది నాలుగు రంగుల నలుపుగా విడిపోతుంది, ఒక్కో రంగుకు ఒక్కటి చొప్పున ఉండే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల అంచుల్లో రంగులు తేలతాయి. టెక్స్ట్ అంతా నలుపు ప్లేటు మీదే, నూటికి నూరు శాతం ఉండాలి.

అపోహ: పుస్తకం పీడీఎఫ్ దాచాం, రెండో ముద్రణకు అది చాలు.

వాస్తవం: ఒక్క తప్పూ దిద్దకుండా అచ్చేయడానికి చాలు. దిద్దాలంటే కష్టం. పీడీఎఫ్‌లో ఉండేది పేజీమీద ఏ బొమ్మ ఎక్కడన్న లెక్క. యూనికోడ్‌లో చేసినదైనా అందులోంచి కాపీ చేస్తే వత్తులు రాలిపోవడం, గుణింతాలు ముందువెనకలవడం మామూలే. అందుకే ఇన్‌డిజైన్ ఫైలుతో పాటు చివరి దిద్దుబాట్లు కలిసిన ఉత్త టెక్స్టు ఫైలు ఒకటి యూటీఎఫ్-8లో (యూనికోడ్ సంకేతాలను దాచే పద్ధతి) దాచాలి. సేవ్ చేసేటప్పుడు ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతి ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, మళ్లీ వెనక్కి రాదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ‘స్త్రీ’కి 6 సంకేతాలు, 18 బైట్లు. అంత పెట్టినా మూడు వందల పేజీల నవల ఒక ఫోన్ ఫొటోకన్నా చిన్న ఫైలే.

అపోహ: పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చే సాఫ్ట్‌వేర్) వేస్తే టైపింగ్ ఖర్చు మిగులుతుంది.

వాస్తవం: టైపింగ్ మిగులుతుంది, ప్రూఫు (తప్పులు చూసి దిద్దే పని) పెరుగుతుంది. స్కానింగ్ 300 డీపీఐకి (అంగుళానికి చుక్కలు) తగ్గకూడదు, చిన్న అక్షరమైతే 400. ఫోన్ యాప్‌లో ‘బ్లాక్ అండ్ వైట్’ పెడితే సన్నగీతలు తెగిపోతాయి, గ్రేలో తీయండి. థ–ధ, ప–వ, మ–వు, గుడి–గుడిదీర్ఘం తారుమారవుతుంటాయి. వీటిలో ప్రమాదకరమైనవి అర్థమున్న తప్పులు. ‘పాడు’ ‘వాడు’ అయితే స్పెల్‌చెక్ పట్టదు, మూలప్రతి పక్కన పెట్టుకుని చదివే మనిషే పట్టాలి.

అపోహ: ‘సాఫ్ట్‌వేర్’, ‘సాఫ్ట్వేర్’ ఎలా కొట్టినా ఒకటే.

వాస్తవం: మొదటిదాంట్లో ట్ తర్వాత కనపడని సంకేతం ఒకటుంది. చాలా సాఫ్ట్‌వేర్లకు ఇవి రెండు వేర్వేరు మాటలు. ఒక రూపం ఖాయం చేసుకుని పుస్తకమంతా అదే ఉంచాలి. వర్డ్‌లో 200 పక్కనే ఇంగ్లిష్ సి కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ సంకేతం వస్తుంది.

అపోహ: అచ్చుతప్పులు ఉన్నాయంటే ఆపరేటర్ చేతకానితనమే.

వాస్తవం: తప్పులు ఎక్కువగా మిగిలేది పని పద్ధతి వల్ల. రచయిత ఒక ప్రింటు మీద దిద్దుతాడు, ప్రచురణకర్త వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాడు, ఇంకెవరో ఫోన్లో చెబుతారు. ఈ మూడూ ఒకే ప్రూఫ్ మీదకు చేరకపోతే ఎవరి దిద్దుబాటు ఎవరిది చెరిపేస్తుందో తెలియదు. దిద్దుబాట్లన్నీ ఒకే కాగితం ప్రతి మీదకు ఎక్కించి, ఆపరేటర్ దిద్దిన ప్రతిదానికీ టిక్కు పెట్టాలి. రెండో ప్రూఫులో టిక్కులున్న చోట్లతో పాటు ఆ పేరా మొత్తం చదవాలి, ఎందుకంటే దిద్దేటప్పుడే కొత్త తప్పు పడుతుంది. ఫైలు పేరులో ‘ఫైనల్’ అని రాయొద్దు. పుస్తకం పేరు, ప్రూఫ్ సంఖ్య, సంవత్సరం-నెల-తేదీ వరసలో పెడితే ఫోల్డర్లో వాటంతటవే వరసగా నిలుస్తాయి.

మూడో ప్రూఫులో రచయిత ఒక పేరా చేరిస్తే ఏమవుతుందో ముందే చెప్పి ఉంచాలి. 16 పేజీల ఫారాలు (ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టలు) పది అంటే 160 పేజీలు. 161వ పేజీలోకి నాలుగు లైన్లు పొర్లాయంటే ఇంకో ఫారం లెక్క పడుతుంది, విషయసూచికలో పేజీ అంకెలూ మారతాయి. జనవరి పుస్తక ప్రదర్శనకు అందాలని డిసెంబరు చివరి వారంలో ఇలా చేర్చి, రాత్రంతా ఆపరేటర్ని కూర్చోబెట్టి, తెల్లారాక తప్పులు లెక్కపెట్టడం మన దగ్గర మామూలైపోయింది. అది పద్ధతి కాదు.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంది, బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: కంప్యూటరూ పెన్‌డ్రైవూ ఒకే సొరుగు పక్కన ఉంటే అది రెండో కాపీయే కానీ రక్షణ కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు నేలమట్టపు గదుల్లోకి నీళ్లొచ్చాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, అందులో ఒకటి వేరే చోట లేదా క్లౌడ్‌లో. ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్ కొడితే ఫాంట్లు, బొమ్మలు ఒకే ఫోల్డర్లోకి చేరతాయి. ఆ ఫోల్డర్‌ను ఆ ఫాంట్లు లేని వేరే కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూడండి. ఫాంటు లేదని అడిగిందంటే ప్యాకేజీ పూర్తి కాలేదు.